మానసిక వైద్యశాల క్లోజ్డ్ వార్డులో అటెండెంట్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళు, చేరదామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి అవే. ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పద్నాలుగేళ్ళుగా అటెండెంటుగా చేస్తున్నాను, ఎక్కువ కాలం మగవాళ్ళ క్లోజ్డ్ వార్డులోనే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో అది చదువుకోండి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ వైద్యశాలల పద్ధతే రాశాను. ప్రైవేటులో పద్ధతులు కొంత వేరుగా ఉన్నా చట్టం మాత్రం అందరికీ ఒకటే.

## చేరే ముందు

క్లోజ్డ్ వార్డు అంటే జైలు లాంటిదేనా?

కాదు. తలుపుకు తాళం, కిటికీలకు గ్రిల్స్, గేటు దగ్గర రిజిస్టరు ఉంటాయి. చూడగానే జైలులా అనిపించడం సహజం. కానీ లోపల ఉన్నవాళ్ళు శిక్ష అనుభవించడానికి రాలేదు, వైద్యం కోసం వచ్చారు. చాలామంది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 89 కింద చేరినవాళ్ళు. అంటే జబ్బు తీవ్రంగా ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో, తమ ప్రతినిధి దరఖాస్తు మీద వచ్చినవాళ్ళు. ఆ సెక్షన్ కింద ముందుగా 30 రోజుల దాకానే ఉంచగలరు. కొందరు కోర్టు నుంచో జైలు నుంచో వస్తారు. ఒక తేడా మాత్రం మొదటి రోజే బుర్రకెక్కాలి. వార్డుకు తాళం వేయడం వేరు, ఒక మనిషిని ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడం వేరు. రెండోదాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది.

నాకు నర్సింగ్ చదువు లేదు. పదో తరగతితో ఈ ఉద్యోగం వస్తుందా?

వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంఎన్‌వో (మగ నర్సింగ్ ఆర్డర్లీ), ఎఫ్‌ఎన్‌వో (ఆడ నర్సింగ్ ఆర్డర్లీ), వార్డు బాయ్, ఆయా అని రకరకాల పేర్లున్నా లోపల పని దాదాపు ఒకటే. ఇప్పుడు ఎక్కువ పోస్టులు ఔట్‌సోర్సింగ్‌లోనే వస్తున్నాయి. చేరేటప్పుడు పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు అడిగి తీసుకోండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈ పనిలో దెబ్బలు తగిలే అవకాశం ఉంది కాబట్టి ఆ కార్డు లేకుండా ఒక్క రోజు కూడా చేయకండి. ఉద్యోగం ఇప్పిస్తానని ముందే డబ్బు అడిగేవాడిని నమ్మకండి.

నేను సన్నగా ఉంటాను. బలం లేకపోతే కష్టమా?

నాకు తెలిసిన మంచి అటెండెంట్లలో ఒకాయన ఐదడుగుల మనిషి, నలభై ఐదేళ్ళు దాటాక చేరాడు. ఆయన డ్యూటీలో గొడవలు చాలా తక్కువగా జరిగేవి. ఎవరు నిన్న నిద్రపోలేదో, ఎవరికి ఇంటి నుంచి ఫోన్ రాలేదో, ఎవరు పొద్దున్నుంచి ఒకే మూల నిలబడ్డారో ఆయనకు తెలిసేది. గొడవ పైకి లేవకముందే పక్కన కూర్చుని మాట కలిపేవాడు. మన భాషలో 'కనిపెట్టుకుని ఉండటం' అంటాం చూడండి, ఈ ఉద్యోగం అచ్చంగా అదే. బలం ఉంటే మంచిదే గానీ, బలం చూపించాలని చేరేవాళ్ళు ఎక్కువ రోజులు నిలవరు. నిలిచినా పేషెంట్లకు ప్రమాదం.

ఆడవాళ్ళు ఈ పని చేయగలరా?

ఆడవాళ్ళ వార్డు నడిచేదే వాళ్ళ చేతుల మీద. అక్కడ పని కూడా ఎక్కువ. తలలో పేలు తీయడం, జడలు వేయడం, నెలసరి రోజుల్లో ప్యాడ్లు ఇచ్చి శుభ్రత చూడటం, బట్టలు విప్పేసుకునేవాళ్ళ మీద దుప్పటి కప్పడం అన్నీ వాళ్ళే చూసుకోవాలి. నెలసరి శుభ్రతకు తగిన ఏర్పాటు ఉండాలని చట్టంలోనే రాసి ఉంది, కాబట్టి ప్యాడ్లు అయిపోతే మొహమాటపడకుండా అడగండి. చేరిన తల్లికి మూడేళ్ళ లోపు బిడ్డ ఉంటే మామూలుగా ఇద్దరినీ విడదీయకూడదు. బిడ్డకు తల్లి వల్ల ప్రమాదం ఉందనుకుంటేనే డాక్టర్లు తాత్కాలికంగా వేరుగా ఉంచుతారు. అలా ఉంచినా తల్లి దగ్గరికి బిడ్డను తీసుకొస్తూ ఉండాలి, ఆ సమయంలో పక్కన నిలబడేది మీరే.

టీకాలు ఏమైనా వేయించుకోవాలా?

హెపటైటిస్ బి తప్పకుండా వేయించుకోండి. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. టీటీ కూడా వేయించుకోండి.

## మొదటి వారం

మొదటి రోజు నేనేం చేయాలి? ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

పేర్లు నేర్చుకోండి. ముప్పై మంది ఉంటే ముప్పై పేర్లు, ముఖాలతో సహా. డ్యూటీ అప్పగించుకునేటప్పుడు పాత షిఫ్టు వాళ్ళతో కలిసి మంచం మంచం దగ్గరికీ వెళ్ళి మనుషుల్ని కళ్ళతో చూసి లెక్క పెట్టండి. రిజిస్టరులో అంకె చూసి సంతకం పెట్టకండి. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాళ్ళ ముఖం కూడా చూడాలి. తర్వాత బాత్రూములు, వాటి గడియలు, కరెంటు స్విచ్చులు, మెట్ల వైపు తలుపు ఎక్కడున్నాయో ఒకసారి తిరిగి చూసుకోండి. మొదటి వారం మీరు మాట్లాడేదానికన్నా చూసేదే ఎక్కువ ఉండాలి.

తాళాల గుత్తి గురించి సీనియర్లు అంతగా ఎందుకు తిడతారు?

గుత్తి పోతే వార్డు మొత్తం పోయినట్టే కాబట్టి. గుత్తి ఒంటి మీదే ఉండాలి, బల్ల మీద పెట్టకూడదు, పేషెంట్ చేతికి 'ఒక్క నిమిషం పట్టుకో' అని ఇవ్వకూడదు. తలుపు తీసే ముందు వెనక్కి చూడాలి, వేశాక ఒకసారి లాగి చూడాలి. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది చెప్పరు. గుత్తిని గలగలలాడిస్తూ తిరగకండి. మా వార్డులో ఒక పెద్దాయన ఆ చప్పుడు వినగానే మంచం మీద ముడుచుకుని కూర్చునేవాడు. అంతకుముందు ఆయన్ని ఎక్కడో ఏళ్ళ తరబడి గొలుసుతో ఉంచారట. అప్పటి నుంచి నేను గుత్తిని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకుంటున్నాను.

పేషెంట్లను ఎలా పిలవాలి? అందరూ 'ఒరేయ్' అంటున్నారు.

మీరు అనకండి. అన్నా, అమ్మా, పెద్దాయనా, లేదంటే పేరు పెట్టి 'గారు'. బయట స్కూలు మాస్టారుగా చేసిన మనిషి లోపలికి రాగానే 'ఒరేయ్' ఎందుకవుతాడు? మర్యాదగా పిలిస్తే మాట వినరనేది ఉత్త మాట. జబ్బు మాట మీదా నడక మీదా పనిచేసినా మర్యాద మాత్రం అందరికీ తెలుస్తూనే ఉంటుంది. తగ్గాక వాళ్ళు ముందు గుర్తు చేసుకునేది కూడా అదే. 'ఫలానా అతను నన్ను గారు అన్నాడు' అని.

జైలు నుంచి వచ్చిన పేషెంట్ ఏం నేరం చేశాడో తెలుసుకోవాలా?

కాగితాల్లో ఏముందన్నది డాక్టరుకు కావాలి. మీకు కావలసింది ప్రమాదం ఎక్కడుందనేది. ఎవరి మీద అనుమానం పెట్టుకున్నాడు, ఏ మాటకు రెచ్చిపోతాడు, తనకు తాను హాని చేసుకుంటాడా అన్నవి సిస్టర్‌ని అడిగి తెలుసుకోండి. నేరం గురించి తోటివాళ్ళతో గుసగుసలాడకండి. విచారణ ఖైదీ అంటే నేరం ఇంకా రుజువు కానివాడు. మానసిక జబ్బు వల్ల తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదని పాత ఐపీసీ సెక్షన్ 84 చెప్పేది, ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22లో ఉంది. అది తేల్చే పని కోర్టుది. ఎస్కార్ట్ పోలీసులు పక్కన ఉన్నంత మాత్రాన అతని బాధ్యత మీ మీద తగ్గదు. తిండి, స్నానం, మందులు మిగతావాళ్ళకు ఎలాగో అతనికీ అలాగే.

గోడలోంచి గొంతులు వినిపిస్తున్నాయంటాడు. ఔననాలా, కాదనాలా?

రెండూ వద్దు. ఔనంటే అబద్ధం, పైగా భయం పెరుగుతుంది. కాదని వాదిస్తే మీరు కూడా శత్రువుల జాబితాలో చేరతారు. నేను ఇలా అంటాను: 'నీకు వినిపిస్తోందన్నా, నాకైతే వినిపించడం లేదు. భయంగా ఉందా?' ఈ చివరి ప్రశ్నకే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. ఒకతను రోజూ సాయంత్రం కిటికీ వైపు చూసి తిట్టేవాడు. ఏమంటున్నారని అడిగితే, 'నువ్వు తిన్న అన్నంలో విషం ఉంది అంటున్నారు' అన్నాడు. మూడు రోజులుగా సగం అన్నం వదిలేస్తున్నది అందుకే. సిస్టర్‌కి చెప్పాను. ఆ రోజు నుంచి అందరికీ వడ్డించే గంపలోంచి తన కళ్ళ ముందే అన్నం పెట్టించాం. తిన్నాడు. గొంతులు 'చచ్చిపో' అనో 'కొట్టు' అనో ఆజ్ఞలు ఇస్తున్నాయని తెలిస్తే మాత్రం ఆ క్షణమే సిస్టర్‌కి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. షిఫ్టు అయ్యేదాకా ఆగకూడదు.

## వార్డులో రోజు

మాత్రలు ఇచ్చేది సిస్టర్ కదా, నాకేం పని?

మింగారో లేదో చూసే పని మీది. కొందరు బుగ్గలోనో నాలుక కిందో దాచి తర్వాత ఉమ్మేస్తారు, కొందరు పోగుచేసి ఒకేసారి మింగాలని చూస్తారు. నీళ్ళు తాగించాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూడండి. పది నిమిషాలు బాత్రూముకు వెళ్ళనీయకండి. ఇదంతా దొంగను పట్టినట్టు కాకుండా మామూలుగా చేయాలి.

ఇంకో పెద్ద పని, మందుల వల్ల వచ్చే ఇబ్బందుల్ని ముందుగా పట్టుకోవడం. డాక్టరు రౌండ్స్‌లో రెండు నిమిషాలు చూస్తారు, మీరు ఎనిమిది గంటలు చూస్తారు. హాలోపెరిడాల్ లాంటి మందు పడిన కొద్ది గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో కొందరికి మెడ ఒక పక్కకు మెలిపడుతుంది, కనుగుడ్లు పైకి వెళ్ళి అక్కడే నిలిచిపోతాయి, నాలుక బిగుస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని నాటకం అనుకుంటారు. నాటకం కాదు, చాలా బాధాకరమైన బిగుసుకుపోవడం. ఫెనెర్గాన్ ఇంజెక్షన్‌తో చాలామందికి కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది. లిథియం వాడేవాళ్ళకు వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు పెరిగి నడక తూలుతుంటే అది ప్రమాద సూచన. క్లోజపిన్ వాడేవాళ్ళకు జ్వరం, గొంతు నొప్పి వచ్చినా, మూడు రోజులుగా విరేచనం కాకపోయినా చెప్పాలి. ఒళ్ళు కట్టెలా బిగుసుకుని జ్వరం, చెమటలు, తికమక కలిసి కనిపిస్తే పరుగున వెళ్ళి చెప్పండి. ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి అది.

అన్నం తినేటప్పుడు పక్కనే ఉండమంటారు ఎందుకు?

గొంతులో ముద్ద అడ్డుపడుతుందని. మందుల వల్ల మింగడం నెమ్మదిస్తుంది, కొందరికి పళ్ళుండవు, కొందరు ఎవరో లాక్కుంటారన్న భయంతో గబగబా కుక్కుకుంటారు. ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఎండు చపాతీ దగ్గర ఎక్కువ జాగ్రత్త. గుడ్డును నేను నాలుగు ముక్కలు చేసే ఇస్తాను. ఎవరైనా మాట రాక గొంతు పట్టుకుంటే ముందుకు వంచి వీపు మీద అరచేత్తో గట్టిగా తట్టాలి, రాకపోతే వెనక నుంచి పొట్ట మీద నొక్కాలి. ఆ పద్ధతి చేరిన వారంలోనే సిస్టర్ దగ్గర చేతులతో చేసి నేర్చుకోండి, విని ఊరుకోకండి. భోజనం అయ్యాక స్టీలు పళ్ళాలు, స్పూన్లు లెక్క పెట్టాలి.

నీళ్ళు ఎక్కువ తాగితే ఆరోగ్యానికి మంచిదే కదా?

నేనూ అలాగే అనుకున్నాను. చేరిన రెండో ఏడాది ఒక కుర్రాడు రోజంతా పంపు దగ్గరే ఉండేవాడు. ఎండాకాలం కదా, తాగనీ అనుకున్నాను. ఒక సాయంత్రం బాత్రూములో బకెట్ దగ్గర కూర్చుని మగ్గు మీద మగ్గు తాగుతుంటే చూసి కూడా పిలిచి భోజనానికి పంపించాను, అంతే. రాత్రి పదకొండుకు ఫిట్స్ వచ్చాయి. రక్తంలో సోడియం పడిపోయిందని డాక్టరు చెప్పారు. బతికాడు. నేను చూసి కూడా చెప్పలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. దీర్ఘకాలపు జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఇలా అదే పనిగా నీళ్ళు తాగే లక్షణం ఉంటుంది. ఉదయం, సాయంత్రం బరువు చూస్తే పట్టుకోవచ్చు. ఒక్క రోజులోనే రెండు మూడు కిలోలు పెరిగితే, మనిషి మత్తుగా ఉంటే, వాంతి చేసుకుంటే వెంటనే చెప్పాలి.

కల్లు మానేసి వచ్చినవాళ్ళు ఎందుకలా వణికిపోతారు?

తెలంగాణలో పనిచేసేవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగే మనిషికి అవి ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, ఫిట్స్, లేని పురుగుల్ని దుప్పటి మీద ఏరడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దొరకని వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి కేసులు వరస కట్టాయి. సారా, బ్రాందీ మానేసినవాళ్ళకు రెండో రోజు, మూడో రోజు ఎక్కువ ప్రమాదం. వీళ్ళను కిందికి ఉండే మంచం మీద, లైటు వెలుగులో, గోడ పక్కన పడుకోబెట్టండి. 'తాగుబోతు' అని ఈసడించకండి. ఈ వార్డులో ప్రాణానికి ఎక్కువ ప్రమాదం ఉన్న పేషెంట్ ఆ రాత్రికి అతనే కావచ్చు.

ఈసీటీ (కరెంటు షాక్ వైద్యం) రోజు నేనేం చూడాలి? సినిమాల్లో చూసి భయంగా ఉంది.

మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం చట్టం నిషేధించింది. కాబట్టి సినిమాలో చూసింది మర్చిపోండి. మీ పని ఖాళీ కడుపు కాపాడటం. ఆ ఉదయం డాక్టరు చెప్పేదాకా టీ చుక్క కూడా పోకూడదు, పక్క మంచం వాళ్ళు ప్రేమతో ఇచ్చే బిస్కెట్ కూడా. కట్టుడు పళ్ళు తీయించాలి. అయ్యాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, పూర్తిగా తెలివి వచ్చేదాకా దగ్గర కూర్చోవాలి. లేచాక 'నేనెక్కడున్నాను' అని నాలుగైదుసార్లు అడుగుతారు. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పండి.

పేషెంట్లతో వార్డు ఊడిపించొచ్చా? పేలు ఉన్నాయని గుండు చేయించొచ్చా?

బలవంతంగా రెండూ కుదరవు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 20 ప్రకారం పని చేయమని ఒత్తిడి చేయకూడదు, చేయిస్తే తగిన డబ్బు ఇవ్వాలి. బలవంతపు గుండు నిషేధం. సొంత బట్టలు వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి. పేలకు మందు ఉంది, దువ్వెన ఉంది, ఓపిక మనం తెచ్చుకోవాలి.

వార్డులో సెల్ఫీ తీసుకుంటే తప్పా?

తప్పే. పేషెంట్ ముఖం గానీ, పేరు గానీ, మంచం మీద కాగితం గానీ బయటికి వెళ్ళకూడదు. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళండి.

## గొడవ జరిగినప్పుడు

ఒకతను అరుస్తూ మీదికి వస్తే ఏం చేయాలి?

ముందు దూరం. రెండు చేతులు చాచినంత ఎడం ఉంచుకుని, ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా నిలబడండి. మీ వెనక గోడ కాకుండా దారి ఉండాలి, అతనికీ వెళ్ళడానికి దారి వదలాలి. చేతులు కనిపించేలా పెట్టండి. గొంతు తగ్గించి, చిన్న మాటలతో, ఒక్కరే మాట్లాడాలి. నలుగురూ ఒకేసారి 'ఆగు, కూర్చో' అని అరిస్తే అతనికి ఇంకా భయమేస్తుంది. మిగతా పేషెంట్లను బయటికి పంపే పని రెండోవాళ్ళది. చాలామంది ఆకలితోనో, బీడీ దొరక్కో, ఫోన్ చేయనివ్వలేదనో రెచ్చిపోతారు. ఏం కావాలని నిజంగా అడిగితే సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

పేషెంట్‌ను కట్టేయొచ్చా?

గొలుసుతో ఎప్పుడూ కాదు, ఏ రూపంలోనూ కాదు. సెక్షన్ 95 దాన్ని పూర్తిగా నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదల్లేక చనిపోయారు. గొలుసు అనగానే నాకు ఆ అంకె గుర్తొస్తుంది.

గుడ్డ పట్టీలతో కట్టడానికి సెక్షన్ 97లో షరతులున్నాయి. అతనికో, ఇతరులకో అప్పటికప్పుడు హాని జరగబోతూ, ఆపడానికి ఇంకో దారి లేనప్పుడు మాత్రమే. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి. అవసరమైన దానికన్నా ఒక్క నిమిషం ఎక్కువ ఉంచకూడదు. ఎందుకు, ఎంతసేపు అన్నది కేస్ షీట్‌లో రాయాలి. ప్రతినిధికి 24 గంటల్లోపు తెలియజేయాలి. శిక్షగా గానీ, స్టాఫ్ తక్కువగా ఉన్నారని గానీ కట్టకూడదు. ఈ చివరి మాట చట్టంలోనే ఉంది, ఎవరైనా 'మనుషులు లేరు, కట్టేయ్' అంటే మర్యాదగా గుర్తు చేయండి. చట్టాన్ని మీరితే మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చేతులతో పట్టుకోవాల్సి వస్తే బోర్లా పడేసి వీపు మీద కూర్చోకండి. మెడ, ఛాతీ, పొట్ట మీద బరువు వేయకండి. ఊపిరాడక ప్రాణం పోతుంది. 'ఊపిరి అందడం లేదు' అంటే నమ్మండి. కట్టిన మనిషి పక్కన ఒకరు ఉండాల్సిందే. మేం పదిహేను నిమిషాలకోసారి వేళ్ళు చల్లబడ్డాయా, పట్టీ కింద వేలు దూరుతోందా, దాహమా, ఒంటికి వెళ్ళాలా అని చూస్తాం. మత్తు ఇంజెక్షన్ పడితే ఊపిరి కూడా లెక్క చూస్తాం.

జుట్టు పట్టుకుంటే, కొరికితే ఎలా విడిపించుకోవాలి?

జుట్టు పట్టుకుంటే లాగకండి. అతని చేతిని మీ రెండు చేతులతో మీ తలకే అదిమి పట్టుకోండి, నొప్పి తగ్గుతుంది, సాయం వచ్చేదాకా ఆగొచ్చు. కొరికితే చెయ్యి వెనక్కి లాగకండి, నోటి వైపే నెట్టండి, దవడ సడలుతుంది. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి వెంటనే డాక్టరుకు చూపించండి. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ మందు వీలైతే రెండు గంటల్లోనే, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. రిపోర్టు రాయించండి, ఈఎస్ఐకి అది కావాలి.

నన్ను కొట్టాడు. తిరిగి ఒక దెబ్బ వేస్తే తప్పేంటి?

కోపం రావడం తప్పు కాదు, నాకూ వచ్చింది. చెయ్యి లేస్తోందనిపిస్తే వార్డులోంచి బయటికి వెళ్ళి ఇంకొకరిని పంపండి. దెబ్బ కొడితే ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది. ఆ మనిషి రేపటి నుంచి మీ చేతి మాత్ర మింగడు. మీ తర్వాతి షిఫ్టు వాళ్ళ మీద కూడా అతనికి నమ్మకం పోతుంది.

పేషెంట్ పారిపోతే నా ఉద్యోగం పోతుందా?

దాచిపెడితే పోతుంది. తెలిసిన నిమిషమే సిస్టర్‌కి, డ్యూటీ డాక్టర్‌కి, గేటుకు చెప్పండి. చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏ బట్టల్లో చూశారో చెప్పండి. ఇంటివాళ్ళకు, పోలీసులకు వాళ్ళు తెలియజేస్తారు. పట్టుబడి వచ్చినవాడిని తిట్టకుండా ముందు అన్నం పెట్టండి. ఎందుకు వెళ్ళాడో అప్పుడే చెబుతాడు. ఒకతను కూతురి పుట్టినరోజని వెళ్ళాడు.

## రాత్రి డ్యూటీ

రాత్రి అందరూ పడుకుంటారు కదా, ఇంకేం చూడాలి?

ఊపిరి చూడాలి. దుప్పటి పైకీ కిందికీ కదలడం కనిపించేంత దగ్గరికి వెళ్ళాలి. రౌండ్స్ గడియారం పెట్టినట్టు ఒకే సమయానికి చేయకండి, ఆ సమయం చూసుకుని మధ్యలో ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించేవాళ్ళుంటారు. డ్యూటీలు మారే వేళ, తెల్లవారుజాము, అందరూ భోజనాల దగ్గర ఉన్న వేళ ఎక్కువ జాగ్రత్త. పైజామా బొందు, చున్నీ, చింపిన దుప్పటి అంచు, కిటికీ గ్రిల్, బాత్రూము పంపు, వీటిని కలిపి చూడటం అలవాటు చేసుకోండి. ఒకసారి బట్టలు మారుస్తుంటే ఒకతని పైజామాకు బొందు లేదు, చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ఉదయం నేనే ఇచ్చాను, అప్పుడు ఉంది. దిండు గలేబులో దొరికింది, మూడు పేటలుగా అల్లి ఉంది. పక్కన కూర్చుని నేరుగా అడిగాను, 'చనిపోవాలనిపిస్తోందా అన్నా?' అని. అడిగితే ఆ ఆలోచన వస్తుందని భయపడకండి, రాదు. చాలాసేపు ఏడ్చాడు. డాక్టరు వచ్చేదాకా చెయ్యి వదల్లేదు. అప్పటి నుంచి మా వార్డులో అందరికీ ఎలాస్టిక్ పైజామాలు ఇవ్వమని సిస్టర్ రాసి ఇప్పించారు.

నలభై మందికి నన్నొక్కడినే వేశారు. చేయాలా?

డ్యూటీ వదిలి వెళ్ళిపోకండి, కానీ ఒంటరిగా ఉన్నానని రిజిస్టరులో సమయంతో సహా రాయించండి. నోటితో చెప్పింది తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళ మంచాలను సిస్టర్ బల్ల దగ్గరికి జరిపించుకోండి.

## ఇంటికి వెళ్ళాక

'పిచ్చాసుపత్రిలో పనిచేస్తాడు' అని పెళ్ళి సంబంధాలు తప్పిపోతున్నాయి. అబద్ధం చెప్పాలా?

వద్దు. 'మానసిక వైద్యశాలలో రోగుల్ని చూసుకుంటాను' అని చెప్పండి. నా సంబంధం కూడా రెండుసార్లు తప్పింది. మూడోసారి మా మామగారు ఒక్క ప్రశ్న అడిగారు: 'అక్కడ వాళ్ళను కొడతారా?' నేను కొట్టనని చెప్పాను. ఆయన తమ్ముడికి అదే జబ్బు ఉండేదని పెళ్ళయ్యాక తెలిసింది. ఇలాంటి ఇళ్ళు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

నయమైనా కొందరిని ఇంటికి తీసుకెళ్ళరు ఎందుకు?

తప్పుడు అడ్రసు ఇచ్చి చేర్పించినవాళ్ళున్నారు. పొలం పంపకాల్లో వాటా అడుగుతాడని రానివాళ్ళున్నారు. అన్న చనిపోయి, వదినకు ఓపిక లేక రానివాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తప్పు పట్టలేం. ఇంట్లోవాళ్ళు వద్దన్నారనో, ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని సెక్షన్ 19 చెబుతోంది. మీరు చేయగలిగింది ఒకటుంది. మాటల్లో ఊరి పేరు, గుడి పేరు, పక్కింటివాళ్ళ పేరు దొర్లితే సోషల్ వర్కర్‌కి రాసి ఇవ్వండి. మా దగ్గర ఒకాయన ఎప్పుడూ ఒక చెరువు పేరు పాడుకునేవాడు. ఆ పేరు పట్టుకునే పదకొండేళ్ళ తర్వాత ఆయన చెల్లెలు దొరికింది.

వార్డులో ఒకతను చనిపోయాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

సహజం. మద్యం తాగి నిద్రపోవాలని చూడకండి, మన వృత్తిలో అది చాలామందిని తినేసింది. మీ సిస్టర్‌తోనో, వార్డు డాక్టర్‌తోనో మాట్లాడండి. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సర్దుకోకపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ఈ అనుభవంతో ఇంగ్లండ్ వెళ్ళొచ్చని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

పని అక్కడా ఉంది, హెల్త్‌కేర్ అసిస్టెంట్ అంటారు. కానీ విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే వీసాను 2025 జూలై 22 నుంచి మూసేశారు. లక్షలు కట్టే ముందు బ్రిటన్ ప్రభుత్వ సొంత వెబ్‌సైట్‌లో ఇవాళ్టి నిబంధన చూసుకోండి, ఏజెంట్ చూపించే కాగితం మీద కాదు.

డిశ్చార్జ్ అయిన పేషెంట్ బయట కనిపిస్తే పలకరించాలా?

మీరు ముందు పలకరించకండి. పక్కన ఉన్నవాళ్ళకు అతను ఆసుపత్రిలో ఉన్న సంగతి తెలియకపోవచ్చు. అతను పలకరిస్తే మామూలు స్నేహితుడిలా మాట్లాడండి, వార్డు ఊసు ఎత్తకండి. మొన్న బస్టాండులో ఒకతను భార్యాబిడ్డలతో కనిపించాడు. నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు తల తిప్పుకున్నాను. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. అతనే, చేతిలో రెండు టీ కప్పులు. 'ఈయన నాకు తెలిసినాయన' అని భార్యకు చెప్పాడు. ఎలా తెలుసో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. టీ తాగి, పాప పేరు అడిగి, నా బస్సు ఎక్కాను.